పాత విదేశీ రైఫిలా, కొత్త .315 రైఫిలా? పలమనేరు తమ్ముడికి నా సమాధానం

తమ్ముడూ, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. ఇది చదివే మిగతావాళ్లకు కూడా విషయం తెలియాలి కదా. మీరు ఆర్మీలో చేసి రిటైరయ్యారు, పలమనేరు దగ్గర సొంతూళ్లో మామిడి తోట చూసుకుంటున్నారు. ఆత్మరక్షణకూ, టార్గెట్ ప్రాక్టీసుకూ అని నాన్ ప్రొహిబిటెడ్ బోర్ రైఫిల్‌కు, అంటే మామూలు పౌరులు లైసెన్సు మీద ఉంచుకోగల బోర్ (గొట్టం కొలత) రైఫిల్‌కు, లైసెన్సు వచ్చింది. డీలర్ దగ్గర మన ప్రభుత్వ ఫ్యాక్టరీ చేసే కొత్త ఇషాపూర్ .315 బోర్ రైఫిల్ ఉంది. చిత్తూరులో ఒక పెద్దాయన తన పాత విదేశీ వేట రైఫిల్, థర్టీ నాట్ సిక్స్ (.30-06 అనే అమెరికన్ తూటా కాల్చేది), అమ్ముతానంటున్నారు. ధర కొత్తదానికి రెండింతల పైమాటే. విదేశీ సరుకు వదులుకోవద్దని చుట్టుపక్కలవాళ్లంతా చెప్తున్నారు. తోటలో అడవిపందుల బెడద గురించి కూడా చివర్లో ఒక ముక్క రాశారు.

నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే ఉద్యోగిగా, పనిచేసి రిటైరయ్యాను. సర్వీసంతా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) రైఫిళ్లు విప్పడం, బిగించడం, బ్యారెళ్లు చూడడంతోనే గడిచింది. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీ అవసరానికి ఆ విదేశీ రైఫిల్ వద్దు. కొత్త .315 తీసుకోండి. ఒకే యజమాని దగ్గర ఉండి, బ్యారెల్ శుభ్రంగా ఉన్న పాత .315 ఏదైనా దొరికితే మాత్రం కొత్తదానికంటే ముందు దాన్ని చూడండి. ఎందుకో వివరంగా రాస్తాను.

అసలు విషయానికి ముందు పందుల సంగతి. ఇది తేల్చుకోకుండా ఏ రైఫిల్ కొన్నా చిక్కే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు సరదా వేట అన్నది లేదు. ఆ పెద్దాయన చేతిలో ఉన్నది వేట రైఫిల్ కావచ్చు, దాంతో వేటాడే హక్కు మాత్రం ఆయనకూ లేదు, మీకూ రాదు. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. పంట పాడుచేస్తోందని మనంతట మనం కాల్చకూడదు. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణం చూపించి రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే, అదీ ఆ అనుమతిలో పేరున్నవాళ్లే ఆ పని చేయాలి. కాదని కాలిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు. శిక్ష పడితే ఆయుధ లైసెన్సు రద్దు చేయమని, అయిదేళ్లు కొత్తది ఇవ్వొద్దని కోర్టు చెప్పొచ్చు. ఇన్నేళ్లు దేశానికి సేవ చేసి తెచ్చుకున్న పేరు ఒక పంది కోసం పోగొట్టుకోకండి. నష్టపోయిన పంటకు అటవీశాఖ దగ్గర పరిహారానికి దరఖాస్తు పెట్టుకోండి. కంచెకు కరెంటు తీగ మాత్రం ఎవరు చెప్పినా పెట్టొద్దు. మన జిల్లాలో ఆ తీగలకు ఏనుగులు పోయాయి, మనుషులూ పోయారు.

పలమనేరు అన్నారు కాబట్టి ఇంకో మాట. మీకు పక్కనే కౌండిన్య అభయారణ్యం ఉంది. అభయారణ్యం నుంచి పది కిలోమీటర్ల లోపు ఉండే ఆయుధ లైసెన్సుదారులు అటవీశాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని, ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ముందే ఉండాలని వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్‌లో ఉంది. తిరుపతి వైపు శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు చుట్టూ ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. మీ ఊరు ఆ పది కిలోమీటర్లలోకి వస్తుందో లేదో ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అడగండి. వస్తే, మీ ఫైల్లో ఆ సమ్మతి కాగితం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రైఫిల్ కొన్న తర్వాత టెన్షన్ పడాల్సి వస్తుంది.

పంట రక్షణ కోసమని ఎవరైనా రైఫిల్ అడిగితే చట్టం ఇంకోలా చూస్తుందని కూడా తెలుసుకోండి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణకు చెప్పింది మజిల్ లోడింగ్ (మూతి నుంచి మందు కూరే) తుపాకీ. అది సరిపోదని అధికారి నమ్మితే ఇంకో నున్నటి గొట్టం తుపాకీ. రైఫిల్ ఆ మాటలో లేదు. మీకు రైఫిల్ ఇచ్చింది మీరు చెప్పిన వేరే కారణానికి. రేపు దాన్ని తోటలో పందుల మీద వాడారని తెలిస్తే ఆ కారణమే నిలబడదు. పైగా థర్టీ నాట్ సిక్స్ గుండు గానీ, .315 గుండు గానీ గురి తప్పితే కిలోమీటర్ల దూరం పోతుంది. మన పల్లెల్లో తోట దాటితే ఇంకో తోట, మధ్యలో పశువుల కాపరులు, నీళ్లు కట్టడానికి రాత్రిపూట వచ్చే రైతులు. గుండు ఆగడానికి వెనకాల మట్టి గట్టు లేని చోట రైఫిల్ ఎత్తకూడదు.

ఇక రైఫిల్ సంగతికి వద్దాం.

విదేశీ రైఫిల్‌కు అంత ధర ఎందుకో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. 1980ల మధ్యలో మామూలు పౌరులు విదేశాల నుంచి తుపాకులు తెప్పించుకునే దారి మూసేశారు. అప్పటికే దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి. కొత్తవి రావు, పాతవి తగ్గుతూ పోతాయి, అందుకే విలువ లక్షల్లోకి పోయింది. ఆ ధరలో చాలా భాగం కొరతకు కట్టే డబ్బు. ఉక్కు బాగుందని, గురి బాగుందని కట్టేది అందులో కొంతే. పాత విన్‌చెస్టర్ మోడల్ 70, ఇంగ్లిష్ మాసర్లు, చెక్ బ్రనో రైఫిళ్లు గొప్పవి కావని నేను అనను. 1964కు ముందు తయారైన మోడల్ 70 బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) నడక చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది, అంత మెత్తగా ఉంటుంది. కానీ ఆ పనితనం కోసం మీరు కట్టే డబ్బు వేరు, మీకు దక్కే పని వేరు.

మీ సంగతిలో అన్నిటికంటే పెద్ద లెక్క తూటాది. .315 తూటా మన ప్రభుత్వ కంపెనీ మ్యునిషన్స్ ఇండియా తయారుచేస్తుంది. రైఫిల్ చేసేది ఇషాపూర్ ఫ్యాక్టరీ. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశాక అది కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. తూటా ఇక్కడే తయారవుతుంది కాబట్టి ఈ రోజు డీలర్ దగ్గర లేకపోయినా ఇంకో నెలకు వస్తుంది. థర్టీ నాట్ సిక్స్ తూటా అలా కాదు. కొద్దిమంది డీలర్ల దగ్గరే ఉంటుంది, ఒక్కో తూటా ధర వింటే ట్రిగ్గర్ మీద వేలు పెట్టడానికే మనసొప్పదు. టార్గెట్ ప్రాక్టీసుకని లైసెన్సు తెచ్చుకున్న మనిషి ప్రాక్టీసు చేయలేని రైఫిల్ కొనడంలో అర్థం లేదు. నాకు తెలిసి విదేశీ రైఫిళ్లు కొన్నవాళ్లలో చాలామంది వాటిని దసరాకు పూజలో పెట్టి, మళ్లీ పెట్టెలో సర్దేస్తారు. మీ లైసెన్సులో ఏడాదికి ఇన్ని, ఒకసారి దగ్గర ఉంచుకునేవి ఇన్ని అని తూటాల లెక్క రాసుంటుంది. ఆ కొద్దిపాటి కోటాను మీరు భయం లేకుండా ఖర్చుపెట్టగలిగే తూటాతో నింపుకోండి.

.315 ఎలా వచ్చిందో తెలిస్తే దాని మీద చిన్నచూపు పోతుంది. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి పోకూడదని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. అప్పుడు సైన్యం .303 కాల్చే లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి రైఫిల్‌నే ఆస్ట్రియా 8 మిల్లీమీటర్ల మాన్‌లికర్ తూటాకు సరిపెట్టి భారత మార్కెట్‌కు అమ్మారు. ఎన్‌సీసీలో .303 పట్టినవాళ్లెవరికైనా .315 చేతికిస్తే కళ్లు మూసుకుని బోల్ట్ తీస్తారు. అంటే, దాన్ని విప్పి బాగుచేయగల చేతులు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. ఎక్‌స్ట్రాక్టర్ (కాల్చిన తొడుగును బయటికి లాగే కొక్కెం) స్ప్రింగ్ పోయినా, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ మొన అరిగినా పని ఆగిపోదు. అదే విదేశీ రైఫిల్‌కు ఒక చిన్న స్ప్రింగ్ విరిగితే దేశమంతా వెతకాలి. లేదా లోకల్ మిస్త్రీ చేత చేయించాలి, ఆ పని ఎలా ఉంటుందో మీరు ఊహించుకోగలరు.

ఇంత చెప్పినా మీ మనసు ఆ పాత రైఫిల్ మీదే ఉంటే, లేదా ఏదైనా పాత .315 చూడబోతుంటే, ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. పాత రైఫిల్‌లో మనం కొనేది బ్యారెల్‌నూ, కాగితాలనూ. మిగతావన్నీ వీటి తర్వాతే.

ముందుగా మ్యాగజీన్ తీసి, బోల్ట్ తెరిచి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి ఖాళీ అని తేల్చుకోండి. అమ్మేవాళ్లు ఖాళీయే అన్నా సరే, మీరు చూడాల్సిందే. తర్వాత బోల్ట్ పూర్తిగా బయటికి తీసి, బ్యారెల్ వెనక నుంచి మూతి వైపు వెలుగుకేసి చూడండి. నూనె పూసి ఉంటే పొడి గుడ్డతో పూర్తిగా తుడిపించాకే చూడండి. నూనె మెరుపులో తుప్పు గుంటలు కనపడవు. అమ్మేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలుసు, అందుకే అంత నూనె పట్టిస్తారు. రైఫ్లింగ్, అంటే గుండును తిప్పే మెలి గాడుల అంచులు పదునుగా, మూతి దాకా ఒకే తీరున తిరుగుతూ కనపడాలి. లోపల బూడిద రంగు పొర పట్టినట్టుంటే అది మొదటి దశ తుప్పు, దాంతో పని నడుస్తుంది. నల్లటి చుక్కలు, చిన్న చిన్న గుంటలు కనిపిస్తే ఆ బ్యారెల్ పని దాదాపు అయిపోయినట్టే. చాంబర్ దగ్గర గాడులు మొదలయ్యే చోటునూ, మూతి నుంచి చివరి రెండు అంగుళాలనూ ప్రత్యేకంగా చూడండి.

ఆ గుంటలు ఎక్కడి నుంచి వస్తాయంటే, పాత కాలపు తూటాల ప్రైమర్‌లో (తూటా అడుగున నిప్పు పుట్టించే భాగంలో) క్లోరేట్ అనే రసాయనం ఉండేది. కాల్చాక అది బ్యారెల్‌లో ఉప్పుగా మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు, గాలంతా చెమ్మ. ఆ రోజుల్లో రైఫిల్ కాల్చి కడగకుండా పెడితే రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. ఆ ఉప్పు నూనెకు కరగదు, నీళ్లకే కరుగుతుంది. పాత తరం సిపాయిలు కాల్చిన వెంటనే బ్యారెల్‌లో మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె పెట్టేది అందుకే. ఈ పద్ధతి తెలియక కేవలం నూనె గుడ్డతో తుడిచిన యజమాని చేతిలో ఎంత గొప్ప ఇంగ్లిష్ బ్యారెలైనా పాడవుతుంది. పేరు చూసి మోసపోవద్దని నేను అంటున్నది ఇందుకే. బయట బ్లూయింగ్ (ఉక్కుకు పట్టించే నీలి నలుపు పూత) అద్దంలా మెరుస్తూ, లోపల జల్లెడలా ఉన్న రైఫిళ్లు ఎన్నో చూశాను.

ఇంకో జబ్బు ఉంది, దాన్ని కనిపెట్టడం తేలిక కానీ ఎవరూ చూడరు. బ్యారెల్‌లో గుండు గానీ, గుడ్డ ముక్క గానీ ఇరుక్కుని ఉండగా వెనక ఇంకోటి కాలిస్తే ఆ చోట గొట్టం ఉబ్బుతుంది. లోపలికి చూస్తే ఒక నల్లటి ఉంగరంలా నీడ కనపడుతుంది. బయటి నుంచి బొటనవేలితో మూతి దాకా నెమ్మదిగా నిమురుతూ పోతే ఆ చోట వేలికి తెలుస్తుంది. ఉబ్బు ఉన్న రైఫిల్‌ను ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేవద్దు.

లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి పాత .315లలో మూతి దగ్గర తాడు అరుగుదల ఉంటుంది. పుల్‌త్రూ తాడును (బ్యారెల్ తుడిచే గుడ్డను లాగే తాడును) నేరుగా కాకుండా ఒక పక్కకు వంచి లాగితే, ఆ తాడు ఏళ్ల తరబడి మూతి అంచును కోసేస్తుంది. మూతి గుండ్రంగా లేకుండా ఒక వైపు సాగినట్టు కనపడుతుంది. గుండు బయటికి వచ్చే క్షణంలో దాన్ని వదిలేది ఆ అంచే కాబట్టి అది పోతే గురి పోతుంది. దీన్ని మంచి మిస్త్రీ సరిచేయగలడు, కానీ బ్యారెల్ పొడుగు తగ్గించే పనికి చట్ట ప్రకారం లైసెన్సు కావాలి, ఆయుధాల చట్టం 6వ సెక్షన్ అది. ఇప్పటికే ఎవరో కోసి పొట్టి చేసిన బ్యారెల్ అయితే దాని జోలికి పోవద్దు.

బ్యారెల్ తర్వాత బోల్ట్. బోల్ట్ మీద ఉన్న నంబరు, రిసీవర్ (బోల్ట్ నడిచే ఉక్కు భాగం) మీద ఉన్న నంబరు ఒకటేనా చూడండి. వేరువేరుగా ఉంటే ఎవరో మార్చారని అర్థం. బోల్ట్ ముఖానికీ తూటా అడుక్కీ మధ్య ఉండాల్సిన సందును హెడ్‌స్పేస్ అంటారు. ఆ సందు ఎక్కువైతే కాల్చినప్పుడు ఇత్తడి తొడుగు వెనక్కి సాగి చీలుతుంది, వేడి గ్యాసు మన ముఖం వైపు వస్తుంది. .315 తూటాకు అడుగున అంచు ఉంటుంది, హెడ్‌స్పేస్ ఆ అంచు మందం మీద నిలుస్తుంది. పైగా బోల్ట్ తల విడిగా ఊడివచ్చే భాగం, దాన్ని మార్చి సరిచేయొచ్చు. థర్టీ నాట్ సిక్స్‌కు అలా బయటికి పొడుచుకొచ్చే అంచు లేదు, తూటా భుజం (తొడుగు సన్నబడే చోటు) మీద నిలుస్తుంది. దాన్ని గేజ్ పెట్టి కొలవకుండా కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. గేజ్ లేని మిస్త్రీ 'ఓకే సార్' అంటే నమ్మొద్దు. ఆ రైఫిల్‌లో ఇంతకుముందు కాల్చిన ఖాళీ తొడుగులు ఉంటే అడిగి చూడండి. అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత ఉన్నా, ప్రైమర్ వెనక్కి పొడుచుకు వచ్చినా ఆ రైఫిల్‌ను కాల్చకూడదు.

మీరు ఆ రైఫిల్ ఏ కంపెనీదో రాయలేదు. థర్టీ నాట్ సిక్స్‌లో పాత అమెరికన్ మిలిటరీ స్ప్రింగ్‌ఫీల్డ్ 1903లను చెక్క మార్చి వేట రైఫిళ్లుగా చేసినవి కూడా ప్రపంచమంతా తిరిగాయి. వాటిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ చేసినవాటికి 8,00,000 లోపు, రాక్ ఐలండ్ చేసినవాటికి 2,85,507 లోపు సీరియల్ నంబర్లు ఉంటే ఆ రిసీవర్లు పెళుసు. ఉక్కును కాల్చి చల్లార్చే పనిలో వేడి ఎక్కువై అలా అయ్యాయి, కొన్ని పగిలిపోయాయి కూడా. అలాంటిది గోడకు తగిలించుకోవడానికే. నంబరు చూసేటప్పుడు అది గీరినట్టో, మళ్లీ కొట్టినట్టో ఉందా అన్నది కూడా చూడండి. గుర్తింపు ముద్ర చెరిపిన తుపాకీ దగ్గర ఉంటే, కాదని రుజువు చేసుకునే దాకా చెరిపింది మీరేనని ఆయుధాల చట్టం 8వ సెక్షన్ భావిస్తుంది. మళ్లీ పాలిష్ పెట్టి బ్లూయింగ్ చేసిన రైఫిళ్లలో అక్షరాల అంచులు అరిగి మసకగా ఉంటాయి, అక్కడ మోసం దాచడం సులువు. బ్యారెల్ మీద రాసిన బోర్ కూడా మీ కళ్లతో చదవండి. పాత .303ను .315 అని చెప్పి అంటగట్టేవాళ్లు ఉన్నారు. .303 ప్రొహిబిటెడ్ బోర్, మీ లైసెన్సుతో దాన్ని తాకకూడదు.

చెక్క విషయం తొందరగా చెప్తాను. బట్ ప్లేట్ స్క్రూలు విప్పించి లోపల చెద పట్టిందేమో చూడండి, మన ఇళ్లలో తుపాకీ పెట్టెకు మొదటి శత్రువు చెదే. ట్రిగ్గర్ వెనక సన్నటి మెడ దగ్గర బీటలు ఉంటే పక్కన పెట్టేయండి. మిగతా గీతలు, మచ్చలు అవిసె నూనె పట్టిస్తే సర్దుకుంటాయి.

కాల్చి చూడడం అనుమతి ఉన్న రేంజ్‌లోనే, ఆ లైసెన్సుదారు స్వయంగా కాల్చి చూపిస్తేనే. తోటలో 'ఒక్క తూటా సార్' అంటే ఒప్పుకోవద్దు. ఇతరుల ప్రాణాలకు ముప్పు వచ్చేలా కాలిస్తే 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు ఉంది.

ఇప్పుడు కాగితాలు. ఇద్దరు లైసెన్సుదారుల మధ్య నేరుగా అమ్మకం జరగాలంటే, అమ్మే ఆయన మీ పేరు, చిరునామాతో కలెక్టర్‌కు గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలియజేశాక కనీసం 45 రోజులు గడవాలి. ఆ తర్వాతే చేతులు మారాలి. 'డబ్బు ఇవ్వండి, రైఫిల్ తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత చూద్దాం' అంటే ఒప్పుకోవద్దు. ఆ 45 రోజులు రైఫిల్ ఆయన దగ్గరే ఉండాలి. డీలర్ ద్వారా అయితే డీలర్ రికార్డులో ఎక్కి, అక్కడి నుంచి మీ లైసెన్సులో ఎక్కాలి. ఆయన లైసెన్సు ఇప్పటికీ చెల్లుబాటులో ఉందా, దాని మీద జాతీయ డేటాబేస్ యూనిక్ నంబరు ఉందా, ఆ రైఫిల్ సీరియల్ నంబరు అందులో సరిగ్గా అదే ఉందా అని పక్కపక్కన పెట్టి చదవండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి కొత్త జిల్లా అయ్యాక, చిత్తూరు కలెక్టరేట్ ఇచ్చిన పాత లైసెన్సులు పట్టుకుని తిరుపతి జిల్లాలో ఉంటున్నవాళ్లు ఎందరో. అలాంటి వాళ్లు అమ్మితే ఫైలు ఏ ఆఫీసులో ఉందో ముందే కనుక్కోండి.

ఆ పెద్దాయన ఎందుకు అమ్ముతున్నారో మర్యాదగా అడగండి. ఆయుధాల చట్టం 2019 సవరణలో ఒక మనిషికి మూడు తుపాకుల హద్దును రెండుకు తగ్గించారు. అప్పుడు మూడోది వదులుకోవాల్సి వచ్చి డీలర్ల గోడౌన్లలో చేరిన పాత రైఫిళ్లు చాలా ఉన్నాయి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా డిపాజిట్ చేసి నెలలపాటు స్టేషన్లో ఉండిపోయినవీ ఉన్నాయి. అలా నూనె లేకుండా నిలబడిన రైఫిల్ అయితే బ్యారెల్ లోపల రెండుసార్లు చూడండి. ఆయన కొడుకులు ఒప్పుకున్నారా అన్నది కూడా తెలుసుకోండి. 2016 ఆయుధాల నిబంధనల్లో లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్లు దగ్గరున్నా వారసుడి పేరుకు మార్చుకునే అవకాశం ఉంది. తాతల నాటి రైఫిల్ ఇంట్లోంచి పోతోందని కొడుకు అడ్డుపడితే ఆ 45 రోజుల్లోనే గొడవ మొదలవుతుంది.

కొత్త .315 అని చెప్పాను కదా అని షాపుకు పోయి మొదట చూపించింది తెచ్చుకోకండి. ఇషాపూర్ రైఫిల్‌లో ఉక్కు, బ్యారెల్ నమ్మదగినవి. పైపై పనితనం మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉంటుంది. డీలర్ దగ్గర రెండు మూడు ఉంటే అన్నీ తీయించండి. బోల్ట్ ఎక్కడా పట్టకుండా నడుస్తోందా, ఫోర్‌సైట్ (మూతి దగ్గరి గురి ముల్లు) నిటారుగా ఉందా, పక్కకు వాలిందా, ట్రిగ్గర్ మొదటి లాగుడు, రెండో లాగుడు స్పష్టంగా తెలుస్తున్నాయా, సేఫ్టీ పెట్టినప్పుడు ట్రిగ్గర్ గట్టిగా లాగినా కదలకుండా ఉందా, డమ్మీ తూటాలతో మ్యాగజీన్ నుంచి ఒక్కొక్కటీ చాంబర్‌లోకి చక్కగా ఎక్కుతున్నాయా అని చూడండి. ప్రూఫ్ ముద్ర, అంటే కాల్చి పరీక్షించారని చెప్పే గుర్తు, ఉందో లేదో చూడండి. ఇవన్నీ ఆర్మీలో మీరు చేసినవే, షాపులో మొహమాటపడి వదిలేయొద్దు. తెచ్చాక, కాల్చే ముందు ఫ్యాక్టరీ గ్రీజు మొత్తం చాంబర్‌లోనూ బ్యారెల్‌లోనూ లేకుండా తుడిచేయండి. గ్రీజు నిండిన చాంబర్‌లో కాలిస్తే బోల్ట్ మీద వత్తిడి పెరుగుతుంది. మొదట 25 మీటర్లలో గురి సరిచూసుకుని, తర్వాత 100 మీటర్లకు పోండి.

పాత .315 కొనమని మొదట్లో ఎందుకన్నానంటే, ఒకే యజమాని దగ్గర ఉన్న, తక్కువ కాల్చిన రైఫిల్‌కు బ్యారెల్ కొత్తదానిలాగే ఉంటుంది. బోల్ట్ నడిచి నడిచి నున్నగా అయిపోయి ఉంటుంది. విదేశీ పేరు లేదు కాబట్టి ధర కూడా దిగుతుంది. మన జిల్లాలో రిటైరైన సైనికులు చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గర ఇలాంటివి ఉంటాయి, పిల్లలు బెంగళూరులోనో, చెన్నైలోనో స్థిరపడి తుపాకీ మనకెందుకు నాన్నా అంటుంటారు. మీ ఎక్స్ సర్వీస్‌మెన్ సంఘంలో ఒకసారి అడిగి చూడండి. చెన్నై డీలర్ దగ్గర చవకని ఎవరైనా చెప్తే, పోయే ముందు మీ లైసెన్సులో ఏరియా వాలిడిటీ ఎక్కడి దాకా ఉందో చదవండి. రాష్ట్రం దాటి రైఫిల్ తేవడానికి అది చాలదు అనిపిస్తే కలెక్టరేట్‌లో అడిగి, రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే బయల్దేరండి.

మీ లైసెన్సు పుస్తకంలో ఆయుధం కొనడానికి రాసిన గడువు తేదీ కూడా ఇప్పుడే చూడండి. ప్రైవేటు అమ్మకంలో ఆ 45 రోజులు పోగా మీకు ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి. గడువు దగ్గర పడి ఉంటే నేరుగా కొత్త .315కే పోండి, ఇంక ఆలోచించొద్దు. టైమ్ ఉండి, ఆ విదేశీ రైఫిల్ ఒకసారి చూసి రావాలనే అనుకుంటే, దాని బ్యారెల్ మీద ఉన్న కంపెనీ పేరు, బోర్, ప్రూఫ్ ముద్రల ఫొటో పెట్టండి, చూసి చెప్తాను. సీరియల్ నంబరు మీద మాత్రం వేలు అడ్డం పెట్టి ఫొటో తీయండి.